బొట్టు పెట్టని చక్రం

మా వంటింట్లోకి కొత్తగా ఒక తూకం వచ్చింది. అరచెయ్యి కంటే కొంచెం పెద్ద గాజుబిళ్ళ, కింద బ్యాటరీ, ముందు వైపు అంకెలు. షుగరు చూసే డాక్టరు మా ఆవిడను అన్నం తూచుకుని తినమన్నాడని తెప్పించాం. ఆమె రెండు పూటలు తూచుకుని పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి అది నా చేతికి చిక్కింది. కోడిగుడ్డు, వెల్లుల్లి గడ్డ, నా కళ్ళజోడు, టీవీ రిమోటు అన్నీ దాని మీదికెక్కాయి. చూడడానికి ఒకే సైజున్న నిమ్మకాయలు ఒక్కోటి ఒక్కో బరువు తూగుతుంటే నాకదొక కాలక్షేపం. "ఇంక ఇంట్లో మిగిలింది నేనే. నన్ను గూడా ఎక్కించు, ఒక పనైపోతాది" అని మా ఆవిడ అంటూనే ఉంది. నిన్న పొద్దున ఉప్పుకుండ వంతు వచ్చింది. ఉప్పంతా పేపరు మీద పోసి విడిగా తూచాను. ఉప్పు ఆరువందల నలభై గ్రాములు. ఖాళీ కుండ పదమూడు వందల పది. లోపల పట్టే సరుకుకు రెట్టింపు పైన బరువున్న పాత్ర మా ఇంట్లో ఇదొక్కటే. అడుగు రెండువేళ్ళ మందం, మూతి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, ఒక వైపు నుంచి చూస్తే అలిగి తల తిప్పుకున్న మనిషిలాగా ఉంటుంది. చేసింది మా అత్త, మా ఆవిడను కన్నతల్లి. అరవై దాటిన వయసులో ఆమె చక్రం మీద నిలబెట్టిన మొదటి కుండ అది.

అత్త పుట్టింది కుమ్మరింట్లో, మెట్టింది కుమ్మరింట్లో. అట్లాంటి మనిషికి అరవై దాటేవరకు మొదటి కుండ ఎందుకు కాలేదో చెప్పాలంటే ముందు మా మామ క్లాసుల సంగతి చెప్పాలి. మార్కాపురంలో మూతబడిన ఒక పలకల గోడౌను ఉంది. చేతిపనులు నేర్పించే ఒక సంస్థ వాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని, కరెంటుతో తిరిగే కుమ్మరి చక్రాలు ఆరు తెప్పించి, నేర్పడానికి మా మామను పిలిచారు. అప్పటికే మామకు పెద్ద పనేమీ లేదు. ఎండాకాలం నీళ్ళకుండలు, పెళ్ళిళ్ళకు నాలుగు ఐరేని కుండలు, దీపావళికి ప్రమిదలు, అంతే. పొద్దున మొదటి బ్యాచి, అంటే అసలు మట్టి ముట్టుకోనివాళ్ళు. మధ్యాహ్నం రెండో బ్యాచి, అంటే ముంత దాకా వచ్చి, మూతలూ కూజాలూ చెయ్యాలని ఆశపడేవాళ్ళు. వారానికొక రోజు. ఆ రోజు ముందు ఆదివారమే అనుకున్నారు గానీ కొనకనమిట్ల నుంచి వచ్చే ఒకామె, "ఆదివారం నాకు చర్చి ఉండాది. మట్టినైనా వదులుకుంటా గానీ దాన్ని వదల్ను" అని చెప్పేసరికి శనివారానికి మార్చారు. ఆమె మిరపకోతలకూ కలుపుకూ పోయే మనిషి. వయసులో నాకంటే చిన్నదే అయినా అందరితోపాటు నేనూ వదినా అనే పిలిచేవాణ్ణి. మొదటి బ్యాచిలో చేరినవాళ్ళలో త్వరగా పని పట్టుబడింది ఆమెకే.

నేను ఆ గోడౌనుకు కొత్త కాదు. అది పలకల గోడౌనుగా ఉన్న రోజుల్లో కొలతలు చూసే పని నాది. మా ఇంట్లో కూడా ఒకప్పుడు కుండలు చేసేవాళ్ళే గానీ, మా నాయన ఆ పని వదిలి పలకల గనికి పోయినాడు, ఆయన వెనక నేను ఫ్యాక్టరీకి పోయినాను. పదో తరగతి దగ్గర నా చదువు ఆగింది. లెక్కలు నాకు బడిలో కంటే ఫ్యాక్టరీలోనే ఎక్కువ వచ్చాయి. ఒక బండ చూసి ఎన్ని పలకలు దిగుతాయి, ఎంత ముక్కయి పోతుంది, మూల ఎంత తప్పితే చట్రంలో పట్టదు, ఇవన్నీ కంటితోనే చెప్పగలిగేవాణ్ణి. పలక పని పలచబడ్డాక మామ దగ్గరికి చేరాను. చేతిపని నా వల్ల కాదని మొదటి వారమే తేలిపోయింది. నేను చక్రం మీద పెట్టిన మట్టిముద్ద మధ్యకు రాదు, గిరగిర తిరిగి ఒళ్ళోకి వస్తుంది. "అల్లుడూ, నీ చెయ్యి స్కేలు పట్టే చెయ్యి. దాన్ని ఇబ్బంది పెట్టబాక" అన్నాడు మామ. నాకు కోపం రాలేదు. నిజమే మరి.

ఇంక నా పని ఏమిటంటే, మామ చెప్పే "ఇట్ల" అనే మాటను కొలతల్లోకి దించడం. మామకు చెయ్యడం వచ్చు గానీ చెప్పడం రాదు. ముద్ద చక్రం మీద పెట్టి, "ఇట్ల... ఇట్ల... ఆఁ, ఇప్పుడు ఇట్ల" అనేలోపు ముంత తయారయ్యేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఇంద్రజాలం చూసినట్టు చూసి చప్పట్లు కొట్టి, తమ చక్రం దగ్గరికి పోయి ఏం చెయ్యాలో తెలియక కూర్చునేవాళ్ళు. అందుకని నేను మామ చేతులు గమనించి, ముంతకు ఇన్ని గ్రాముల మట్టి, కూజాకు ఇంత, అడుగున చిటికెన వేలు మందం మిగిలేవరకే బొటనవేళ్ళు దించాలి, అనుమానం వస్తే సూది గుచ్చి చూసుకోవాలి అని చెప్పేవాణ్ణి. రెండో బ్యాచికి ఒక కొలబద్ద కూడా చేశాను. మట్టి చక్రం మీద ఉన్నప్పుడు ఉన్నంత ఉండదు. ఆరితే కొంత, ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కాలితే ఇంకొంత కుదించుకుపోతుంది. మామ మట్టికి పన్నెండు అంగుళాలు చివరికి పదకొండు అవుతాయని నాలుగైదు ఆములు కొలిచి తేల్చుకున్నాను. ఆ లెక్క ప్రకారం ఒక పలకముక్క మీద గీతలు గీసి ఇచ్చాను. దాంతో తడి కుండను కొలిస్తే, కాలినాక ఎంత మిగులుతుందో అంతే చూపిస్తుంది. పలకలతో బతికిన నాకు మట్టి తీరు మొదట్లో చికాకుగా ఉండేది. పలక అట్ల కాదు. కోసిన కొలత కోసినట్టే ఉంటుంది.

అత్త పని మట్టి. చెరువు మట్టి తెప్పించి, నానబెట్టి, వడగట్టి, సన్న ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి గోనెపట్టల కింద పెట్టేది. చేసిన పెద్ద కుండలను లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి పలచన చేసేది కూడా ఆమే. చెక్క దెబ్బ శబ్దం వింటేనే ఎక్కడ మందముందో ఎక్కడ పలచనైందో చెప్పేస్తుంది. కానీ చక్రం మీద కూర్చోదు. చక్రాన్ని మా ఇళ్ళల్లో సారె అంటారు. మా వాళ్ళల్లో ఆడవాళ్ళు సారె మీద కుండ చెయ్యరు. దానికి కారణం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. చెప్పులు వాకిట్లో విడిచినట్టు అదొక అలవాటు. విచిత్రం ఏమిటంటే క్లాసుకు వచ్చేవాళ్ళల్లో సగం పైన ఆడవాళ్ళే. వాళ్ళకు నేర్పడానికి మామకు ఏ పట్టింపూ లేదు. "వాళ్ళకు మన పద్ధతులెందుకు" అనేవాడు. ఒకరోజు ముద్దలు అందిస్తున్న అత్తను కొనకనమిట్ల వదిన పట్టుకుంది.

"అత్తా, మామ చేసేది కంటికి ఆనట్లేదు. నువ్వొకటి నిదానంగా చేసి చూపియ్యి."

"మేం కూర్చోంలేమ్మా."

"మరి మమ్మల్ని కూర్చోబెట్టినారే?"

"మీరు వేరే."

"ఏం వేరే? నాకూ రెండు చేతులే గదా, నీకూ రెండే గదా!"

అత్త నవ్వి, మట్టిలో లేని రాయిని వెతకసాగింది.

ఆ ఏడు చలికాలం మామ కుడిచేతి బొటనవేలి కింద నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. అత్తకు మాత్రం తెలుసు. ఆయన చేసిన కుండలను కొట్టేటప్పుడు ఒకే పక్క మందం దొరుకుతోందట. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం రెండు బ్యాచిలనూ కలిపి కూర్చోబెట్టి, పెద్ద కూజా ఎట్లా లేపాలో చూపిస్తున్నాడు మామ. బొటనవేళ్ళు లోపలికి దించి గోడ పైకి తీస్తుండగా కుడిచెయ్యి ఒక్కసారిగా పట్టు వదిలింది. కూజా ఒక పక్కకు వంగి, తిరుగుతూనే తన మీద తానే కూలబడింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. దోర్నాలలో రోడ్డు పక్కన టిఫిను హోటలు నడిపే ఒకాయన మొదటి బ్యాచిలో ఉండేవాడు. శ్రీశైలం పోయేవాళ్ళకు తన చేత్తో చేసిన గ్లాసుల్లో టీ ఇవ్వాలని ఆయన కోరిక. ఆయన గబుక్కున లేచి స్విచ్చి ఆపాడు. మామ చేతులు తుడుచుకుంటూ, "మట్టి బాగలేదు" అన్నాడు.

అత్త వచ్చింది. కూలిన ముద్దను చక్రం మీద నుంచి పెరికి, దారం లాగి రెండు చెక్కలుగా కోసి, కోసిన మొహం అందరికీ కనబడేటట్టు పలక మీద పెట్టింది. ఒక రాయి లేదు, గాలిబుడగ లేదు, వెన్నముద్దలాగా ఉంది. "మట్టికేం రోగం? రోగం ఎక్కడుందో అక్కడ చూపించుకో" అంది. అంతమందిలో ఆమె మామను ఎదిరించి మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

డాక్టరుకు చూపించాం. చెయ్యి ఇంకా వాడితే ఉన్న పట్టు కూడా పోతుంది, మట్టి పని ఆపెయ్యమన్నాడు. సంస్థ తరఫున క్లాసులు చూసే మేడం వచ్చి, మంచిగానే మాట్లాడింది. "ఈ బ్యాచి మాటలతో నెట్టుకొద్దాం. ఎండాకాలం బ్యాచికి మాత్రం చేసి చూపించే మనిషి కావాలి. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే సరే. లేకపోతే క్లాసులు ఒంగోలుకు మార్చేస్తారు, చక్రాలు కూడా తీసుకుపోతారు" అంది. మామకు కొడుకుల్లేరు. మా ఆవిడ ఒక్కతే కూతురు, ఆమెకు అంగన్‌వాడీ ఉద్యోగం. నా చెయ్యి సంగతి చెప్పాను గదా. ఆ సాయంత్రం మామ అరుగు మీద కూర్చుని, "పోతే పోనీ. ఒంగోలులో మాత్రం మనుషుల్లేరా" అన్నాడు. అన్నాడే గానీ అన్నం సరిగా తినలేదు. మామకు ఆ శనివారాలు ఏమిటో మాకు తెలుసు. ముసలితనంలో పదిమంది ఎదురుచూసే మనిషి అయినాడు ఆయన. మిగిలిన వారమంతా ఆ ఒక్క రోజుకు చెయ్యి కాచుకునేవాడు. అత్త గిన్నెలు కడుగుతూనే, మా వైపు తిరక్కుండా, "నేను కూర్చుంటా" అంది. మామ వద్దని మాత్రం అనలేదు.

ఈ కబురు బేస్తవారిపేటకు ఎట్లా చేరిందో తెలియదు. అక్కడ మామ అక్క ఉంటుంది, నాకు వరసకు పెద్దమ్మ. మేకలు కాసుకుంటూ ఒంటరిగా ఒక ఊరంత అధికారం చెలాయించే మనిషి. తర్వాతి శనివారం మొదటి బస్సుకే దిగి, దోసకాయల సంచి భుజాన వేసుకుని, నేరుగా గోడౌనుకు వచ్చింది. మొదటి బ్యాచి అప్పుడే మట్టి పిసుకుతోంది. పెద్దమ్మ గడప మీద కూర్చుని, చుట్టూ అంతమంది ఉన్నారని చూడకుండా మొదలుపెట్టింది.

"ఏమే, నువ్వు సారెక్కుతుండావంట?"

"ఎక్కేదేముంది వదినా. పీట మీద కూర్చునేదే గదా" అంది అత్త.

"మన ఇళ్ళల్లో ఎవరన్నా కూర్చున్నారా?"

"లేదు. అయినా ఇది సారె గాదు, కరెంటు మోటారు."

పెద్దమ్మ ఈ మాట కోసమే కాచుకున్నట్టుంది. "మోటారైతే పసుపు కుంకుమ ఎందుకు పెట్టినారు? నా తమ్ముడు ముందర నిలబడి కొబ్బరికాయ కొట్టినాడంట గదా! కాయ కొట్టినాక అది సారె కాక ఏంది, పిండిమిషనా?"

మామ గోడ వైపు చూశాడు. ఆ మాట నిజం. చక్రాలు వచ్చిన రోజు, బయట నుంచి వచ్చినవాళ్ళు రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయాక, మామకు మనసొప్పక ఇంటి నుంచి పసుపు కుంకుమ, కొబ్బరికాయ తెప్పించి పూజ చేశాడు. కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయ పెడతాం, ఇది మాత్రం ఉత్తగా ఎట్లా మొదలుపెడతాం అనుకున్నాడే గానీ, దాంతో ఇంట్లో ఆడవాళ్ళకు దారి మూసుకుపోతుందని ఆయనకు తోచలేదు. మోటారును సారెగా చేసింది ఆయన చేతులే. ఇప్పుడు కాదు అనడానికి ఆయనకు నోరు రాదు. దోర్నాల హోటలాయన చేతిలో ముద్ద పట్టుకుని, తీర్పు కోసం చూస్తున్నాడు.

అత్త కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. ముందు వరసలో మొదటి చక్రం దగ్గరికి పోయి, "కాయ కొట్టింది దీని ముందర. బొట్లు పెట్టింది నేను. పసుపు గిన్నె నా చేతిలోనే ఉన్నింది" అంది. తర్వాత ఒక్కో చక్రం మీద చెయ్యి చూపిస్తూ నడిచింది. "దీనికి పెట్టినా. దీనికి పెట్టినా. దీనికీ, దీనికీ గూడా పెట్టినా." కడపటి మూలలో ఉన్న దాని దగ్గర ఆగింది. "దీనికి ఆ పొద్దు వైరు లేదు. గోనెపట్ట కప్పి మూలకు నెట్టినారు. దీనికి బొట్టూ లేదు, కాయా లేదు. వచ్చి చూసుకో వదినా."

పెద్దమ్మ నిజంగానే లేచి వచ్చింది. సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, వంగి, ఆ చక్రం చుట్టూ అంచంతా చూసింది. వేలితో గీరి చూసింది. ఎండిన మట్టే వచ్చింది.

"దసరాకు పెట్టలేదా?"

"దసరాకు తాళమే తియ్యలే" అన్నాను నేను. అది కూడా నిజమే.

పెద్దమ్మ కళ్ళద్దాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "అయితే దీనికి ఎప్పుడూ పెట్టబాకండి మరి" అని చెప్పి, టీ అడిగింది. దోర్నాల హోటలాయన పరిగెత్తి తెచ్చాడు.

ఇంతా చేసి అత్త మూల చక్రం దగ్గర కూర్చుంటే, ఆమెకు ఏమీ రాలేదు. ఇది మాలో ఎవరూ అనుకోని సంగతి. మట్టి గుణం అంత తెలిసిన మనిషి నాలుగు శనివారాల్లో మామకు సమానమవుతుందని నేను లోపల లెక్క వేసుకున్నాను. మేడం కూడా ఆమెను నేరుగా రెండో బ్యాచిలో కూర్చోబెడదామంది. అత్తే ఒప్పుకోలేదు. "రాని పనికి వచ్చినట్టు కూర్చోను" అని మొదటి బ్యాచిలో, కాలేజీ ఆడపిల్లల మధ్య చేరింది. ఆమెకు అడ్డం వచ్చింది ఆమె నేర్చిన పనే. జీవితమంతా కుడిచేత్తో కొట్టి ఎడమచేత్తో తిప్పిన మనిషి. చక్రం మీద చేతులు కదలకూడదు. మోచేతులు తొడలకు ఆనించి, చేతులను బండలాగా నిలిపితే మట్టే వచ్చి వాటికి తగిలి సర్దుకుంటుంది. అత్త చేతులు నిలవవు. ముద్ద కొంచెం పక్కకు పోగానే ఆమెకు తెలియకుండానే అరచెయ్యి లేచి దాన్ని ఒక్కటి చరిచేది. చరిస్తే మరీ పక్కకు పోయేది. పక్క చక్రం మీద హోటలాయన చేసే పనీ అంతే. ఆయన పరోటా చెయ్యి అదే పనిగా ముద్దను కిందికి నొక్కేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఓదార్చుకునేవాళ్ళు. "అత్తా, నాది పరోటా అయింది, నీదేమయింది?" "నాది పిడక అయింది నాయనా."

మామ పక్కనే పీట వేసుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెప్పేవాడు. బయటివాళ్ళతో ఆయన ఎంత నెమ్మది! "నిదానంగా అమ్మా, తొందర లేదు, మళ్ళీ పెట్టుకో." భార్య దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు మారిపోయేది. "ఏందే ఆ కొట్టుడు? గేదెను తోల్తుండావా?" ఆ రోజుకు అత్త ముద్ద ఇంక మధ్యకు వచ్చేది కాదు. మూడో వారమో నాలుగో వారమో, అప్పటికే రెండో బ్యాచికి మారిన కొనకనమిట్ల వదిన తన క్లాసుకు ముందుగా వచ్చి ఇది చూసింది. "మామా, మాతోనేమో అమ్మా అమ్మా అంటావు. ఆమెనేమో అదిలిస్తావు. ఆమె గూడా నీ స్టూడెంటే గదా. అట్ల అరిస్తే మేం మానేసి పోయేవాళ్ళం తెలుసునా?" అంది. తర్వాతి శనివారం వరసగా ఒక్కొక్కరి దగ్గరా వంగి చెప్పుకుంటూ వస్తున్నాడు. అత్త దగ్గరికి వచ్చి, అదే ఊపులో, "ఆఁ, చెయ్యి నిలుపు. నిదానంగా అమ్మా, తొందర లేదు" అన్నాడు. అన్నాక గానీ ఎవరితో అన్నాడో ఆయనకు తెలియలేదు. కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. మామ చెవులు ఎర్రబడ్డాయి. అత్త మాత్రం తల ఎత్తలేదు, చేతులు కదిలించలేదు. ముద్ద మధ్యకు వచ్చింది. వణుకు లేకుండా, ఆగి ఉన్నట్టుగా తిరిగింది. ఆ రోజే మొదటి కుండ నిలబడింది. అదే మా ఉప్పుకుండ.

మామకు ఒక పద్ధతి ఉండేది. నేర్చుకునేవాళ్ళు మొదట్లో చేసినవేవీ ఆములోకి పోవు. ఎంత ముద్దొచ్చినా సరే, అన్నీ మళ్ళీ నానబెట్టిన మట్టిలోకే పోవాలి. మొదటి కుండ దాచుకున్నవాడు రెండోది బాగా చెయ్యడని ఆయన నమ్మకం. పిల్లలు ఫోటోలు తీసుకుని, మనసు చంపుకుని తొట్టిలో పడేసేవాళ్ళు. అత్త కూడా తన కుండను తీసుకుపోయి తొట్టి పక్కన పెట్టింది. కానీ ఆ నెల ఆము విప్పినప్పుడు, రెండో బ్యాచి కూజాల నడుమ, సెగ సమానంగా తగిలే చోట, ఈ లావుపాటి కుండ ఎర్రగా కాలి కూర్చుని ఉంది. అంత మందపు కుండ నిదానంగా ఆరకుండా ఆములో పెడితే పగిలిపోతుంది. ఎవరో దాన్ని గోనెపట్ట కప్పి రోజూ తిప్పుతూ ఆరబెట్టి ఉండాలి. ఆములో ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి మా దగ్గర ఒక్కడే. కాలేజీ పిల్లలు గొడవకు దిగారు. "మావన్నీ మట్టిలో కలిపించి, ఆమెదొక్కటి కాల్పించినారే?" మామ ఆకాశం వైపు చూసి, "అది ఎట్ల పోయిందో నాకేం తెలుసు? దానికి కాళ్ళొచ్చినాయేమో" అన్నాడు. నిలబడిన రోజే దాని ఎత్తు కొలిచి రాసుకున్నాను, ఇప్పుడు మళ్ళీ స్కేలు పెట్టి చూశాను. పన్నెండుకు పదకొండు, సరిగ్గా నా లెక్కే.

ఎండాకాలం బ్యాచి మొదలయ్యే రోజు వచ్చింది. అప్పటికి అత్తకు ముంత వరకు వచ్చింది. పదిసార్లు కూర్చుంటే ఏడెనిమిది సార్లు నిలబడుతుంది. మూతి తీర్చడం ఇంకా రాదు. కూజా అసలు రాదు. మేడం సంస్థ ఒంగోలు ఆఫీసు నుంచి ఇంకొకాయనను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ వెనక కుర్చీల్లో కూర్చున్నారు. కొత్తవాళ్ళు మూల చక్రం చుట్టూ చేరారు. మామ పీట మీద కూర్చుని పంచె కొసను వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. అత్త ముద్ద పెట్టింది, మధ్యకు తెచ్చింది, బొటనవేళ్ళు దించింది, గోడ లేపింది. బెత్తెడు ఎత్తు వచ్చాక గోడ నడుమ భాగం వణికింది. ఒక్క క్షణం. కూలిపోయింది.

ఒంగోలాయన మేడం వైపు చూశాడు. అత్త మోటారు ఆపింది. కూలిన ముద్దను తీసి, దారంతో నిలువుగా కోసి, పలక మీద పెట్టి, కొత్తవాళ్ళను దగ్గరికి రమ్మంది. "చూసినారా అమ్మా, ఇక్కడ పలచన, కింద లావు. అడుగున మట్టి వదిలేసి పైపైన లాగినా. పైన ఎత్తు కనబడతానే మనకు ఆశ పుడతాది. ఆ ఆశకే పోయింది ఇది. మీకూ ఇట్లనే పోతాది, భయపడబాకండి. ఇప్పుడు అడుగు నుంచి లాగి చేస్తా, చూడండి." రెండో ముద్ద పెట్టింది. ఈసారి ముంత నిలబడింది. గొప్ప ముంతేమీ కాదు. కానీ ఆ పొద్దు కొత్తవాళ్ళు తమ చక్రాల దగ్గరికి పోయాక, ఒకమ్మాయి కూలిన ముద్దను తనంతట తానే దారంతో కోసి, లోపల ఏముందో వంగి చూడడం నా కళ్ళ ముందర జరిగింది. మామ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు. మామ చేతిలో కుండ కూలేది కాదు గదా, తమవి ఎందుకు కూలుతున్నాయో వాళ్ళకెట్లా తెలుస్తుంది? ఒంగోలాయన ఫోనులో ఫోటో తీసుకున్నాడు, ముంతను కాదు, కోసిన ముద్దను. పోయేటప్పుడు మేడం చక్రాలు ఇక్కడే ఉంటాయని చెప్పి పోయింది. కూజాలు నేర్పడానికి మాత్రం రెండో బ్యాచికి కొనకనమిట్ల వదినను కూర్చోబెట్టాలంది. అత్త, "నేను గూడా ఆమె దగ్గరే నేర్చుకుంటా" అంది. అట్లే నేర్చుకుంది.

నిన్న శనివారం గదా, ఉప్పు వేరే డబ్బాలో పోసి, కుండను తుడిచి గోడౌనుకు తీసుకుపోయాను. తూకం కూడా సంచిలో వేసుకున్నాను. అత్త మూల చక్రం దగ్గరే ఉంది. దసరాకు ఇప్పుడు తాళం తీసి అన్నిటికీ తనే బొట్లు పెడుతుంది, దాన్ని మాత్రం వదిలేస్తుంది. పెద్దమ్మకు ఇచ్చిన మాట. అత్త చేతులు కడుక్కుని కుండను అందుకుంది, అందుకోగానే చెయ్యి కొంచెం కిందికి దిగింది. "ఇంత బరువుగా ఉండాదేంది? ఆ పొద్దు తేలిగ్గా అనిపించిందే" అంది. వాకిట్లో కుర్చీలో కూర్చున్న మామ, "అప్పుడే చెప్పినా, అడుగు కొంచెం గీకమని. వింటేనా" అన్నాడు. "నువ్వు చెప్పలే. నువ్వు దాన్ని దాచిపెట్టే పనిలో ఉంటివి" అంది అత్త. మామ వినబడనట్టు రోడ్డు వైపు చూశాడు. నేను గాజుబిళ్ళ మీద కుండను మళ్ళీ పెట్టి చూశాను. పదమూడు వందల పదే. కుండ ఆ రోజు ఎంత ఉందో ఈ రోజూ అంతే ఉంది, కాలిన మట్టి ఇంక మారదు. మధ్యలో ఎన్ని ఏళ్ళు పోయాయో అంకెలు చెప్పలేదు. కిందికి దిగిన ఆ చెయ్యి చెప్పింది.